ఎర్రచుక్క పడ్డ జవాబులు

నూకరాజు మాస్టారు పరీక్షలో కాపీ కొట్టాడంటే ఆ పేటలో చంటిపిల్లాడు కూడా నమ్మడు. నమ్మింది ఒకే ఒక్క మనిషి. ఆవిడ సాక్షాత్తూ ఆయన పెళ్లాం.

పోనీ ఆవిణ్ణి తిట్టిపోద్దామా అంటే అదీ కుదరదు. ఆవిడకా మాట చెప్పింది ఊళ్లోవాళ్లు కాదు, ఆవిడ తన చేతులతో తయారుచేసిన యంత్రం. నాలుగేళ్లపాటు తిండీ నిద్రా మానుకుని చేసుకున్న యంత్రం చెబుతుంటే కాదనడానికి ఎంత గుండె కావాలి?

ఆవిడ పేరు హైమావతి. కాకినాడలో సముద్రం వైపు వెళ్లే రోడ్డు మీద ఒక చిన్న పరిశోధనశాల ఉంది. అక్కడ మెదడు సంకేతాల మీద పనిచేస్తుంది. చదువులన్నీ ఇళ్లకొచ్చేసి, పరీక్షలు కూడా ఎవరింట్లో వాళ్లు కంప్యూటర్ ముందు కూర్చుని రాసే రోజులొచ్చాక దూరవిద్యాపీఠం వాళ్లకి నిద్ర కరువైంది. కెమెరా పెడితే కెమెరాకి అందని మూల వెతికేవాళ్లు. గదంతా తిప్పి చూపించమంటే మంచం కింద బావమరిది దాక్కునేవాడు. చెవిలో కందిగింజంత స్పీకర్ పెట్టుకుని దర్జాగా రాసేసేవాళ్లు. చివరికి వాళ్లు హైమ దగ్గరికొస్తే ఆవిడ చెప్పింది ఒకటే. మనిషి చుట్టూ కాపలా కాయడం దండగ, జవాబు ఎక్కణ్ణించి వచ్చిందో కనిపెడితే చాలు అని.

అలా పుట్టింది ఆ యంత్రం. కాగితాల మీద దాని పేరు ఆనవాలు. నోళ్లలో మాత్రం తలపట్టీ. నుదుటికి కట్టుకుంటే రెండు కొసలూ చెవుల పైన ఆనుతాయి. మనిషి తనకు తెలిసింది తలుచుకుని రాస్తుంటే తెర మీద పచ్చగీత సాఫీగా సాగిపోతుంది. ఎవరైనా చెబుతుంటే విని రాస్తే మెదడులో వినికిడి తావు కదులుతుంది, గీత మీద టపీమని ఎర్రచుక్క పడుతుంది. ఆ తేడా యంత్రానికి నేర్పడానికి హైమా, ఆమె దగ్గర పనిచేసే ఫిరోజూ కలిసి దగ్గర్లో ఉన్న రెసిడెన్షియల్ కాలేజీల పిల్లల్ని పిలిపించారు. సగంమంది సొంతంగా రాశారు, సగంమందికి చెవిలో ఊదారు. యంత్రం ఒక్కసారి కూడా తడబడలేదు. ఆ రోజు ల్యాబ్‌లో అందరూ కాజాలు పంచుకుని తిన్నారు.

మొదటి విడత అసలు పరీక్షల్లో కొందరు దొరికారు. వాళ్లలో తుని దగ్గర్నుంచి లోవలక్ష్మి అనే పిల్ల ఉంది. వీడియోలో విచారణకి పిలిస్తే ఏడ్చేసింది. "అది మా అక్క గొంతండీ. పక్కన లేదండీ, నా తల్లోనే ఉందండీ" అంది. ఫిరోజ్ కాల్ కట్ చేసి నవ్వాడు. హైమ కూడా నవ్వింది. సాకుల్లో ఇది కొత్త రకం అని ఇంటికెళ్లి మొగుడితో కూడా చెప్పింది. ఆయన ఉల్లిపాయలు తరుగుతూ విన్నాడు గానీ నవ్వలేదు.

ఆ మొగుడి సంగతి చెప్పాలి. నూకరాజు ఒక ప్రైవేటు స్కూల్లో ఆటల మాస్టారు. కబడ్డీ ఆయన ప్రాణం. కూతకొచ్చినవాడి వేలు చొక్కా అంచుకి తగిలినా, రిఫరీ చూసినా చూడకపోయినా, తగిలినవాడు తనే చెయ్యెత్తి బయటికి నడవాలి. అది ఆయన మొదటి పాఠం. చెయ్యెత్తనివాడిని జట్టులోంచి తీసేసేవాడు, వాడెంత మొనగాడైనా సరే. అలాంటి మనిషికి చదువంటే మాత్రం చేదు. పుస్తకం పట్టుకుంటే అక్షరాలు జోకొట్టేవి. తీరా ఇప్పుడు, వ్యాయామ విద్యలో డిప్లొమా లేకపోతే వచ్చే ఏడు ఉద్యోగం ఉండదని స్కూలు వాళ్లు తేల్చేశారు. దాంతో ఇంట్లోంచే చదువుకునే కోర్సులో చేరాడు. అందులో కొరకరాని కొయ్య శరీర నిర్మాణ శాస్త్రం.

తలపట్టీ రెండో విడత పరీక్ష ఆ పేపరుకే పెట్టారు. సొంత మొగుడు రాస్తున్నాడు కాబట్టి హైమ ఆ పూట ల్యాబ్ వైపే వెళ్లలేదు. అంతా ఫిరోజే చూసుకున్నాడు. తెర మీద పేర్లుండవు, నంబర్లే. మర్నాడు హైమ ఎర్రచుక్కల వరసలన్నీ ముందేసుకుని, అన్నిటికంటే ఎక్కువ చుక్కలున్న గీత చూసి, వీడెవడో పక్కన పంతుల్ని కూర్చోబెట్టుకుని రాసినట్టున్నాడే అంది. ఫిరోజ్ ఆ నంబరు తాలూకు పేరు తీశాడు. తీసి, మంచినీళ్లు తాగొస్తానని బయటికి వెళ్లిపోయాడు.

హైమ ఆ పేరు చూసింది. మళ్లీ చూసింది. యంత్రం పొరపడిందేమో అన్న అనుమానం రాలేదా అంటే వచ్చింది. వచ్చినదాన్ని వచ్చినట్టే తోసేసింది. యంత్రం తప్పైతే నాలుగేళ్ల పని తప్పు. మొగుడు దొంగైనా సర్దుకోవచ్చు గానీ యంత్రం తప్పు కాకూడదని మనసులో ఏ మూలో అనుకుంది. తర్వాత్తర్వాత ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా ఆవిడ సిగ్గుతో చచ్చిపోయేది.

సాయంత్రం ఇంటికెళ్లేసరికి నూకరాజు వంటింట్లో బెండకాయ వేపుడు చేస్తున్నాడు. వంట ఆయనదే, మొదట్నించీ. హైమ చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలో నిలబడింది.

"పరీక్షలో మీకు ఎవరు చెప్పారు?" అంది.

ఏం జరిగింది అని అడిగి ఉంటే వేరే సంగతి. ఎవరు చెప్పారు అని అడిగింది. నూకరాజు గరిట పక్కన పెట్టాడు. తిరిగి చూశాడు. పుస్తకమంతా రోజూ చదివి వినిపించింది నువ్వే కదా, నాకు ఇంకొకళ్లు చెప్పాల్సిన ఖర్మేంటి అన్నాడు. చదివి వినిపించాను కాబట్టే అడుగుతున్నాను, అన్నీ వచ్చేశాయని నన్ను నమ్మించి చివరికి ఈ పని ఎందుకు చేశారని హైమ నిలదీసింది. చుక్కలు అబద్ధం చెప్పవంది. మూడేళ్లు పరీక్ష రాయనివ్వరని, స్కూలుకి కూడా ఉత్తరం వెళుతుందని, పిల్లల ముందు ఏం మొహం పెట్టుకుని నిలబడతారని, ఇంకా ఏవేవో అంది. ఆయన అన్నీ విన్నాడు.

"నేను చెయ్యెత్తలేదు కదా హైమా" అన్నాడు.

పొయ్యి ఆపేసి, అన్నం వడ్డించాడు. తను తినలేదు.

మర్నాడు హైమ ఆ గీతని మళ్లీ తెరిచింది. ఎవరు చెప్పారో తేల్చాలని పంతం. తలపట్టీకి మాటలు వినబడవు గానీ, మెదడు విన్న గొంతు హెచ్చుతగ్గులు కొంత నమోదవుతాయి. వాటిని శబ్దంగా మార్చే పద్ధతి ఒకటి ఫిరోజ్ సరదాకి తయారుచేసి పెట్టుకున్నాడు. అది బయటికి తీస్తే మాటలుండవు, ఊరికే రాగం ఉంటుంది. తలుపు మూసిన గదిలో ఎవరో మాట్లాడుతుంటే బయటికి వినిపించినట్టు. మణికట్టులో ఎముకల పేర్లు రాయమన్న ప్రశ్న దగ్గర చుక్కలు గుంపుగా పడ్డాయి. ఫిరోజ్ ఆ ముక్క వినిపించాడు.

ఆడగొంతు. నాలుగు మెట్లు ఎక్కి ఆగింది. చిన్న దగ్గు. ఒక దీర్ఘం, దాని వెనకే పొట్టి తోక. మళ్లీ మెట్లు.

ఫిరోజ్ గబుక్కున ఆపేశాడు. హైమ మొహం చూడకుండా బల్ల వైపు చూస్తూ, "మేడం, మీరు మాకు రీడింగులు ఇలాగే చదువుతారు" అన్నాడు.

హైమ మళ్లీ పెట్టమంది, ఈసారి ఆ రాగం మీద మాటలు తనే పేర్చుకుంది. స్కాఫాయిడ్, లూనేట్, ట్రైక్వెట్రల్, పిసిఫార్మ్. దగ్గు. ఆఁ... తర్వాత. ట్రపీజియం. అది తన గొంతే. ప్రతి నాలుగు మాటలకీ ఆఁ తర్వాత అనడం తనకి చిన్నప్పట్నుంచీ ఉన్న అలవాటు. ఆ దగ్గు కూడా తనదే. నూకరాజు పొయ్యి దగ్గర నిలబడి వంట చేస్తుంటే తను గుమ్మంలో కుర్చీ వేసుకుని చదివేది. సరిగా వినపడటం లేదని ఆయన పొగ లాగే ఫ్యాన్ ఆపేసేవాడు. తాలింపు ఘాటుకి దగ్గుతూ, తిడుతూ, అలాగే చదివేది. ఆ దగ్గుతో సహా ఆయన మనసులో పెట్టేసుకున్నాడు. పరీక్షలో కూర్చుని ఎముకలు తలుచుకోవడం అంటే ఆయనకి పెళ్లాం గొంతు మళ్లీ వినడమే. అంత గట్టిగా విన్నాడు, యంత్రం నిజంగానే పక్కన ఎవరో ఉన్నారనుకుంది.

మరి ఆ కాలేజీ పిల్లల దగ్గర ఇలా ఎందుకు కాలేదు? హైమకి ఆ ఆలోచన వచ్చేసరికి తప్పెక్కడ జరిగిందో తెలిసిపోయింది. ఆ కాలేజీల్లో స్టడీ అవర్ అంటే చీమ చిటుక్కుమనకూడదు. పెదవులు కదిపినా వార్డెన్ అరుస్తాడు. కళ్లతో చదవడం తప్ప చెవితో చదువుకోవడం ఎరగని పిల్లల్నే ఏరి తెచ్చి, మనుషులందరూ ఇంతేనని యంత్రానికి నేర్పారు. వాళ్లని చూసి మురిసిపోయి కాజాలు తిన్నారు.

విద్యాపీఠంలో పరీక్షల వ్యవహారం చూసేది కామాక్షి మేడం. హైమ ఫోన్ చేసి అంతా చెప్పింది. ఆవిడ మంచిదే, కాకపోతే లోకజ్ఞానం ఎక్కువ. వచ్చే వారం తలపట్టీకి అనుమతి ఇచ్చే సంఘం కూర్చుంటోంది, ఈ సమయంలో కొత్త పేచీలు పెట్టకు అంది. మీ ఆయన నంబరుకి బ్యాటరీ లోపం అని రాసేద్దాం, పేపరు పాసైపోతుంది, మిగతాది తీరిగ్గా బాగు చేసుకోవచ్చు అంది. హైమకి ప్రాణం లేచొచ్చింది. ఆ మాట చెబుదామని నేరుగా స్కూలు మైదానానికి వెళ్లింది.

నూకరాజు ఎండలో వంగుని కబడ్డీ కోర్టుకి సున్నంతో గీతలు వేస్తున్నాడు. హైమ ఆయన వెనకే నడుస్తూ జరిగిందంతా చెప్పింది. యంత్రానిదే పొరపాటని, మీరే తప్పూ చెయ్యలేదని తేలిపోయిందని చెప్పింది.

"ఎవరు తేల్చారు? మిషనేనా?" అన్నాడు.

హైమ తలూపింది.

"నిన్న నేను చెబితే నమ్మలేదు. ఇవాళ మిషన్ చెబితే నమ్మావు. మిషన్ రేపు మళ్లీ మాట మారిస్తేనో?"

హైమ మాట మార్చి బ్యాటరీ సంగతి చెప్పింది. ఆయన గీత మూలదాకా వేసి, నడుం పట్టుకుని నిటారుగా నిలబడ్డాడు. ఆ తుని పిల్లకి కూడా బ్యాటరీ అయిపోయిందా అని అడిగాడు. వెటకారమేమీ లేదు, మామూలుగానే అడిగాడు. మళ్లీ వంగుని రెండో గీత మొదలుపెట్టాడు.

హైమ ఆ ఎండలో గీత అవతలే ఆగిపోయింది. ఏడుపొచ్చింది. లోవలక్ష్మి చెప్పింది అక్షరాలా నిజం. ఆ పిల్ల ఏడుస్తుంటే తను నవ్వింది, ఇంటికొచ్చి కథలా చెప్పుకుంది.

అనుమతి సంఘం సమావేశానికి హైమ కాగితాలేవీ తీసుకెళ్లలేదు, తలపట్టీ మాత్రం పట్టుకెళ్లింది. అధికారులు, ఆచార్యులు, కామాక్షి మేడం అందరూ బల్ల చుట్టూ కూర్చున్నారు. హైమ పట్టీ తన నుదుటికే కట్టుకుంది. తెర మీద అందరికీ కనబడేలా పెట్టి, ఇప్పుడు మనసులో పదిహేడో ఎక్కం చెప్పుకుంటానంది. ఆ ఎక్కం తనకి పిన్ని నేర్పింది, పూలు కడుతూ. గీత మీద వరసగా ఎర్రచుక్కలు పడ్డాయి. దీని ప్రకారం నేను కాపీ కొట్టానండీ అంది హైమ. ఎవరో కిసుక్కున నవ్వి, నవ్వకూడదేమోనని ఆపేశారు.

కామాక్షి మేడం నమ్మలేదు. ఏదీ ఇటు ఇవ్వమని తీసుకుని కట్టుకుంది. ఏం తలుచుకోవాలో తోచక, తెలుగు సంవత్సరాల పేర్లు మొదలుపెడతానంది. ప్రభవ, విభవ అని రెండే పైకి అని కళ్లు మూసుకుంది. చుక్కలు పడుతూనే ఉన్నాయి. సగంలోనే ఆవిడ పట్టీ విప్పి బల్ల మీద పెట్టి, తాతగారండీ అంది, ఎవరితోనూ కాకుండా. ఆ తర్వాత ఆవిడ బ్యాటరీ మాట ఎత్తలేదు.

హైమ అందరి ముందూ చెయ్యెత్తింది. బళ్లో పిల్లలా చెయ్యెత్తి నిలబడి, మొదటి విడతలో దొరికినవాళ్లలో ఎవరు దొంగలో ఎవరు కాదో నాకు తెలియదు, తెలుసనుకుని శిక్ష వేయించాను, అది నా తప్పు అంది. నా మొగుడొక్కడి నంబరే తీసేసి ఊరుకుంటే అంతకంటే తప్పు అంది.

అనుమతి రాలేదు. దొరికినవాళ్లందరికీ శిక్ష ఎత్తేసి మళ్లీ రాయనిచ్చారు. ల్యాబ్‌కి రావలసిన గ్రాంటు ఆగిపోయింది, ఫిరోజ్ వేరే పనిలోకి మారాడు. దొంగలు కొందరు బతికిపోయారని, హైమ మొగుడి కోసం యంత్రాన్ని చంపేసుకుందని నలుగురూ నాలుగు రకాలుగా అనుకున్నారు. అనుకోనీ అంది హైమ.

లోవలక్ష్మికి తనే ఫోన్ చేసింది. ఆ పిల్ల మొదట భయపడింది, తర్వాత తేరుకుంది. జీడిపప్పు ఒలిచే చోట తన చేతులు ఖాళీ ఉండవని, అక్క పక్కన కూర్చుని పాఠాలు చదివేదని చెప్పింది. మళ్లీ రాయి అమ్మా, ఈసారి పట్టీ ఉండదు అంది హైమ. రాస్తానండీ అంది గానీ ఆ గొంతులో ఉత్సాహం లేదు.

"అక్క చదవడం మానేసిందండీ. నా గొంతు వల్లే నీకీ గతి పట్టిందంటుంది. ఎంత చెప్పినా వినట్లేదండీ."

ఫోన్ పెట్టేశాక హైమకి తన ఇంటి సంగతి తెలిసొచ్చింది. నూకరాజు కోపంగా ఏం లేడు. వంట చేస్తాడు, వడ్డిస్తాడు, మామూలు మాటలన్నీ మాట్లాడతాడు. చదవమని మాత్రం అడగడం లేదు. వంట ముగించుకుని వసారాలో కుర్చీ వేసుకుని, పెదవులు బిగించి, ఒక్కో అక్షరం కిందా వేలు జరుపుకుంటూ తనే చదువుకుంటున్నాడు. కునుకొస్తే లేచి మొహం కడుక్కుని మళ్లీ కూర్చుంటున్నాడు. వంటింట్లో ఫ్యాన్ ఎప్పుడూ తిరుగుతూనే ఉంటోంది. హైమ ఒకటి రెండుసార్లు పుస్తకం అందుకోబోతే, నీకెందుకు శ్రమ, నేను చూసుకుంటాలే అన్నాడు.

మళ్లీ పరీక్ష వచ్చింది. పట్టీ అక్కర్లేదని విద్యాపీఠం చెప్పినా, నూకరాజు పట్టుబట్టి ఫిరోజ్ దగ్గర మిగిలిన పాత పట్టీ తెప్పించుకుని కట్టుకుని రాశాడు. పాసయ్యాడు. ఇక మిగిలింది ఒక్క పేపరేనని స్కూలు వాళ్లు ఉద్యోగం ఖాయం చేశారు. ఫిరోజ్ ఆ గీత హైమకి పంపాడు, చూడండి మేడం, ఎంత శుభ్రంగా ఉందో అని రాసి.

మొదట్నించి చివరిదాకా పచ్చగీత. ఒక్క ఎర్రచుక్క లేదు. మణికట్టు దగ్గర లేదు, మోకాలి దగ్గర లేదు, వెన్నుపూసల దగ్గర లేదు. హైమ ఆ గీతని ముందుకీ వెనక్కీ జరిపి జరిపి వెతికింది. ఒక్క చుక్కైనా కనబడితే బాగుండునని వెతికింది. ఇంత దుఃఖం ఆవిడకి గ్రాంటు పోయినప్పుడు కూడా కలగలేదు.

ఇంటికొచ్చేసరికి ఆయన వంటింట్లో గోంగూర వలుస్తున్నాడు. హైమ గుమ్మంలో నిలబడింది, ఆ రోజు నిలబడ్డ చోటే.

"మీ గీత చూశాను. ఎక్కడా నేను లేను" అంది.

"ఉంటే పట్టుకుంటుంది కదా" అన్నాడు ఆయన.

తర్వాత తనే చెప్పాడు. నీ గొంతు వచ్చినప్పుడల్లా ఆపి, పేజీ తలుచుకుని, పేజీలో ఆ మాట ఎక్కడుందో చూసి రాశాను, చాలా కష్టమైంది అన్నాడు. ఆకులు వలుస్తూనే చెప్పాడు.

హైమకి సంజాయిషీలు చెప్పాలనిపించలేదు, నమ్ముతున్నాననడానికి నోరు రాలేదు. మెల్లిగా కుడిచెయ్యి పైకెత్తింది. కోర్టులో వేలు తగిలినవాడు ఎత్తినట్టు, భుజం పైదాకా ఎత్తి అలాగే నిలబడింది.

నూకరాజు చూశాడు. ఆయనకది అర్థం కాకుండా ఎలా ఉంటుంది? ఎన్నేళ్లుగానో పిల్లలకి నేర్పుతున్నదే. ఆకులున్న గిన్నె పక్కన పెట్టాడు.

"అవుటైనవాళ్లు బయట కూర్చోవాలి. మనవాళ్లు పాయింటు తెచ్చేదాకా" అన్నాడు.

"తెచ్చాక?"

"లోపలికి రావచ్చు."

హైమ గుమ్మం బయట పాత చోట కుర్చీ వేసుకుని కూర్చుంది. పక్కనే ఫ్రిజ్ మీద ఆయన తర్వాతి పేపరు పుస్తకం ఉంది, ఇంకా అట్ట కూడా వేయలేదు. దాన్ని తీసి, మొదటి పేజీ తెరిచింది. గొంతు సవరించుకుని చదవడం మొదలుపెట్టింది. గుండె నాలుగు గదులు, వాటి పేర్లు. ఆఁ... తర్వాత. ఆయన వద్దనలేదు, ఊఁ అని కూడా అనలేదు. నూనె కాగింది, ఎండుమిరపకాయలు చిటపటలాడాయి, ఆ చప్పుడులో ఆవిడ మాట ఆవిడకే వినపడలేదు. అయినా చదువుతూనే ఉంది.

నూకరాజు చెయ్యి చాపి పొగ ఫ్యాన్ ఆపేశాడు. ఘాటు గుమ్మం దాటి మొహాన కొట్టింది. హైమ దగ్గి, కళ్లు తుడుచుకుని, తర్వాతి వాక్యం చదివింది.